బైకు సీటుకు కొత్త కవరు వేసినా నడుము నొప్పి ఎందుకు తగ్గదు?

జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరాలో ఉండే మా చిన్నాన్న మూడేళ్లలో రెండుసార్లు తన బైకు సీటుకు కొత్త కవరు వేయించారు. రెండుసార్లూ మొదటి రోజు సీటు నిగనిగలాడింది. రెండుసార్లూ వారం తిరిగేసరికి నడుము నొప్పి, తొడల వెనక తిమ్మిరి మళ్లీ వచ్చేశాయి. ఆయన పని ఆదిత్యపూర్‌లో, ఒక చిన్న మెషిన్ షాపులో. సాక్చి, బిష్టుపూర్ మీదుగా వెళ్లి ఖర్కాయీ నది వంతెన దాటాలి. పోవడానికి సుమారు 10 కిలోమీటర్లు, రావడానికి మరో 10. డాక్టరు బండి మీద తిరగడం తగ్గించమన్నారు. "తగ్గిస్తే డ్యూటీకి ఎలా వెళ్లాలిరా?" అని చిన్నాన్న నన్నే అడిగారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ సీటు మీద మాత్రం అనుమానం వచ్చింది.

ఆ సీటు బండితో వచ్చినది కాదు. అసలు సీటు చిరిగిపోతే, చూడటానికి బాగుందని, ధర కూడా తక్కువని బయట మార్కెట్లో కొన్నది. ఇలాంటి సీట్లు దేశమంతా దొరుకుతాయి. అన్నీ చెడ్డవని చెప్పలేం. అయితే చాలా వాటిలో, అచ్చులో పోసిన ఫోమ్ బదులు పరుపుల కోసం తయారైన దిమ్మె నుంచి కోసిన ముక్క ఉంటుంది. ఆ ముక్క ఎంత గట్టిది, ఎంత కాలం నిలుస్తుంది అన్నది కొనేవాడికి కనబడదు. కనబడేది కవరు ఒక్కటే. అందుకే మరమ్మతు అనగానే మన చెయ్యి కవరు మీదికే పోతుంది.

ఇక్కడి వీధుల్లో సీటును 'గద్దీ' అంటారు. మూడు తరాలుగా ఈ ఊళ్లో ఉంటున్న మా వాళ్లు తెలుగులో మాట్లాడుతూ కూడా "గద్దీ పాడైంది" అనే అంటారు. చిన్నాన్న అన్న మాట సరైనదే, గద్దీయే పాడైంది. రెక్సిన్ కాదు.

విప్పి చూస్తే

ఒక ఆదివారం సీటు ఊడదీశాం. కొన్ని బండ్లకు పక్కన తాళం ఉంటుంది, కొన్నింటికి వెనక రెండు బోల్టులు. ముందువైపు సీటు అడుగున నాలుకలాంటి భాగం ఒకటి ఉండి, ట్యాంకు వెనక ఫ్రేములో ఇరుక్కుంటుంది. కాబట్టి సీటును వెనక్కి లాగి పైకెత్తాలి. తిరగేస్తే అడుగున గట్టి పళ్లెం కనిపిస్తుంది, ప్లాస్టిక్‌ది కానీ ఇనుప రేకుది కానీ. కవరు అంచులు ఆ పళ్లెం చుట్టూ మడిచి పిన్నులు కొట్టి ఉంటాయి. సన్నటి స్క్రూడ్రైవరుతో ఒక్కో పిన్నును కొంచెం లేపి, కటింగ్ ప్లయరుతో పీకాలి. ఓపిక కావాల్సిన పని. తొందరపడి కవరును లాగితే ప్లాస్టిక్ పళ్లెం అంచు విరుగుతుంది. పాత కవరును పారేయకండి, కొత్త దానికి కొలత అదే.

కవరు తీయగానే కారణం కళ్ల ముందుంది. నడిపేవాడు కూర్చునే చోట ఫోమ్ గిన్నెలా గుంటపడింది. రంగు గోధుమకు తిరిగి, వేలితో రుద్దితే పొడిలా రాలుతోంది. రెండు కవర్లు వేసిన ఇద్దరిలో ఒకరు ఆ గుంట మీద పలచని స్పాంజి ముక్క ఒకటి అతికించి, పైనుంచి రెక్సిన్ బిగించారు. బయటికి గుంట కనబడలేదు. లోపల అలాగే ఉంది.

ఇక్కడ ఒక సదుపాయం ఉంది. బైకు సీటులో వెనక భాగం మీద ఎవరైనా కూర్చునేది అప్పుడప్పుడే. మా పిన్ని నెలకు ఒకటి రెండుసార్లు తప్ప బండెక్కరు. అంటే ఒకే ఫోమ్‌లో ఒక సగం బాగా వాడినది, రెండో సగం దాదాపు వాడనిది. ప్రయోగశాలలో పోల్చి చూడటానికి కావాల్సినది సరిగ్గా ఇదే. కొలవకుండా ఎలా ఉండగలం?

బియ్యం బస్తాలతో ఒక కొలత

అల్లిక సూదిని ఫోమ్‌లోకి పళ్లెం తగిలే దాకా గుచ్చి, పైన వేలు పెట్టి తీసి స్కేలు మీద పెట్టాం. వెనక భాగం మందం 6 సెంటీమీటర్లు, ముందు గుంటలో 4. ఇది తేలిక కొలత. అయితే మందం సగం కథే చెబుతుంది.

సీటును నేల మీద సరిగా ఆనేలా పెట్టి, ఫోమ్ మీద 20 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్క ఉంచాం. దాని మీద 25 కిలోల బియ్యం బస్తా ఒకటి. ముక్క ఎంత దిగిందో కొలిచాం. దాని మీదే 25 కిలోల బస్తా ఇంకొకటి పెట్టి, ఇంకెంత దిగిందో కొలిచాం. బస్తా జారకుండా ఒకరు పట్టుకోవాలి. 70 కిలోల మనిషి బండి మీద కూర్చుంటే కాళ్ల బరువు కొంత ఫుట్‌రెస్టుల మీదికి, చేతుల బరువు కొంత హ్యాండిల్ మీదికి పోగా, సీటు మీద పడేది ఇంచుమించు 50 కిలోలనుకోవచ్చు. అందుకే రెండు బస్తాలు.

వెనక భాగంలో మొదటి బస్తాకు 1.3 సెంటీమీటర్లు దిగింది, రెండో బస్తాకు మరో 1.2. రెండూ దాదాపు సమానం. ముందు గుంటలో మొదటి బస్తాకే 2 సెంటీమీటర్లు దిగిపోయింది. రెండో బస్తా పెడితే 0.4 మాత్రమే.

ఈ అంకెలను కాసేపు చూడండి. మొదటి బస్తాను చూస్తే పాత ఫోమ్ మెత్తగా ఉన్నట్టు అనిపిస్తుంది. షాపులో బొటనవేలితో నొక్కి "మెత్తగానే ఉంది కదా" అనేవారు చూసేది ఈ మొదటి బస్తానే. రెండో బస్తా దగ్గర అదే ఫోమ్ చెక్కలా మారిపోయింది. ఫోమ్ అంటే గాలి గదుల వల. గదులు పూర్తిగా నలిగి గోడ గోడకు ఆనాక ఇక నలగడానికి ఖాళీ ఉండదు. మనిషి బరువు పడిన తర్వాత గతుకు తాకిడిని మింగడానికి మిగలాల్సిన ప్రయాణం పాత ఫోమ్‌లో మిగల్లేదు.

దీన్ని భౌతికశాస్త్రం భాషలో చెప్పవచ్చు. 25 కిలోల బరువు అంటే సుమారు 245 న్యూటన్ల బలం. రెండో బస్తాకు వెనక భాగం 1.2 సెంటీమీటర్లు దిగింది కనుక అక్కడి స్ప్రింగు గట్టిదనం మీటరుకు సుమారు 20,000 న్యూటన్లు. ముందు గుంటలో అది 61,000. మూడు రెట్లు! స్ప్రింగు మీద బరువు పెట్టి కదిపితే అది తన సహజ పౌనఃపున్యంతో ఊగుతుంది. గట్టిదనాన్ని ద్రవ్యరాశితో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది. 50 కిలోలకు లెక్క వేస్తే బాగున్న ఫోమ్‌కు సెకనుకు సుమారు 3.2 ఊపులు, చచ్చిన ఫోమ్‌కు 5.6.

3.2 అయితే ఏమిటి, 5.6 అయితే ఏమిటి? రోడ్డు వైపు నుంచి చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. అతుకులు వేసిన రోడ్డు మీద రెండేసి మీటర్లకు ఒక ఎగుడుదిగుడు ఉంటే, సెకనుకు ఐదున్నర కుదుపులు వస్తాయి. 5.6 దగ్గర ఊగడానికి ఇష్టపడే సీటుకు 5.5 కుదుపులు తగిలితే జరిగేది అనునాదం. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే ఊపు పెరిగినట్టు, కుదుపు పెద్దదవుతుంది. ఒక మోస్తరు అవరోధాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, ఈ సరళ నమూనాలో చచ్చిన ఫోమ్ కుదుపును రెండున్నర రెట్లకు పైగా పెంచి నడుముకు అందిస్తుంది. బాగున్న ఫోమ్ అదే కుదుపును 0.6 వంతుకు తగ్గిస్తుంది. మనిషి శరీరం బియ్యం బస్తా కాదు, బండికి షాక్ అబ్జార్బర్లూ ఉంటాయి. కాబట్టి నిజమైన అంకెలు వేరుగా ఉంటాయి. దిశ మాత్రం మారదు.

పైగా ఈ 5.6 చాలా చెడ్డ చోటు. కూర్చున్న మనిషి మొండెం నిలువు కంపనాలకు బాగా స్పందించేది సెకనుకు 4 నుంచి 8 ఊపుల మధ్యనే. మనిషి ఒంటికి తగిలే కంపనాలను కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 2631 నిలువు కంపనాల్లో ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చేదీ ఈ పట్టీకే. అరిగిన సీటు తన అనునాదాన్ని తీసుకుపోయి సరిగ్గా అక్కడే పెడుతోంది. ఇంజను కంపనాల సంగతి అంత భయపడాల్సింది కాదు. ఒకే సిలిండరు ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే సెకనుకు 83 ఊపులు వస్తాయి. అంత వేగమైన వాటిని ఓ మోస్తరు ఫోమ్ కూడా చాలావరకు ఆపుతుంది.

తిమ్మిరి కథ వేరు. అది కుదుపుకన్నా పీడనానికి సంబంధించినది. 50 కిలోల బరువు 400 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటే సగటు పీడనం, రక్తపోటు కొలిచే పాదరసం మిల్లీమీటర్లలో, సుమారు 92. ఫోమ్ నలిగిపోయి బరువంతా తుంటి ఎముకల కింది కొనల చుట్టూ 200 చదరపు సెంటీమీటర్ల మీద పడితే 184. సన్నని కేశనాళికల్లో రక్తం ఆగిపోయే పీడనంగా పుస్తకాల్లో తరచూ కనిపించే అంకె 32. అంటే మంచి సీటు మీద కూడా మనం దాన్ని దాటుతాం. అందుకే తెలియకుండానే అటూ ఇటూ కదులుతుంటాం. గుంటపడిన సీటులో కదలడానికి చోటే ఉండదు, గిన్నెలో పెట్టిన గుండులా మళ్లీ అదే చోటికి జారిపోతాం. చిన్నాన్న ఈ మాట విని, "అదే, అదే! ఎంత వెనక్కి జరిగినా ముందుకే వచ్చేస్తా" అన్నారు. ఒక మాట: బండి దిగి నడిచిన తర్వాత కూడా తిమ్మిరి పోకపోతే అది సీటుతో తేలే విషయం కాదు, డాక్టరుకు చూపించాల్సిందే.

ఫోమ్ ఎందుకు చస్తుంది?

సీట్లలో వాడేది పాలియురెథేన్. ఒట్టో బేయర్, ఆయన సహచరులు 1937లో జర్మనీలో ఈ రసాయన మార్గాన్ని కనుక్కున్నారు. రెండు ద్రవాలు కలిపినప్పుడు ఒకవైపు పాలిమర్ గొలుసులు అల్లుకుంటాయి, మరోవైపు మిశ్రమంలోని నీరు ఐసోసయనేట్‌తో చర్య జరిపి కార్బన్ డయాక్సైడు విడుదల చేస్తుంది. దోసెల పిండి పులిసి పొంగినట్టు ఆ వాయువు మిశ్రమాన్ని పొంగిస్తుంది. పిండి పొంగు గరిటె పెడితే అణుగుతుంది. ఇది పొంగిన ఆకారంలోనే గట్టిపడిపోతుంది. మెత్తని ఫోమ్‌లో గదుల మధ్య కిటికీలు తెరుచుకుని ఉంటాయి. మనం కూర్చున్నప్పుడు గాలి ఆ కిటికీల గుండా ఈడ్చుకుంటూ బయటికి పోతుంది. కుదుపు శక్తిని కొంత వేడిగా మార్చేది ఆ ఈడ్పు, పాలిమర్‌లోని అంతర్గత ఘర్షణ.

వేల సార్లు నలిగితే గదుల సన్నని స్తంభాలు వంగి, పగిలి, గట్టిదనం తగ్గుతుంది. దీనికి వేడి, తేమ తోడైతే గొలుసుల మధ్య బంధాలు నలిగిన స్థితిలోనే కొత్తగా సర్దుకుంటాయి. ఇక తిరిగి లేవదు. దీన్ని శాశ్వత కుంగుబాటు అనవచ్చు. ప్రయోగశాలలో దీన్ని పరీక్షించడానికి ఫోమ్‌ను నొక్కి పట్టి, 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర 22 గంటలు ఉంచి, తర్వాత ఎంత లేచిందో కొలుస్తారు. 70 డిగ్రీలంటే మనకు సంబంధం లేని వేడి అనిపిస్తుంది. జంషెడ్‌పూర్‌లో ఎండాకాలం పగటి వేడి 40 దాటుతుంది. మెషిన్ షాపు వాకిట్లో మధ్యాహ్నమంతా ఎండలో నిలబడిన నల్ల సీటు పైభాగం 60 దాటడం వింతేమీ కాదు. ఆ వేడి సీటు మీద మనిషి వచ్చి కూర్చుంటాడు. వేడి, పీడనం రెండూ ఒకేసారి. ప్రయోగశాలలో కావాలని పెట్టే బాధే మన ఫోమ్ రోజూ కొంచెం కొంచెంగా పడుతోంది. బండిని నీడలో పెట్టడం, లేదంటే సీటు మీద పాత లేత రంగు గుడ్డ పరచడం ఖర్చు లేని మందు.

మరమ్మతు

షాపులో ఫోమ్ అడిగితే "ఎంత డెన్సిటీ?" అంటారు. ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో అదే సాంద్రత. సాధారణంగా సాంద్రత ఎక్కువైతే మన్నిక ఎక్కువ. కానీ సాంద్రత వేరు, గట్టిదనం వేరు. బరువైన ఫోమ్ మెత్తగానూ ఉండవచ్చు, తేలికది గట్టిగానూ ఉండవచ్చు. ఇంకో చిక్కు, బరువు పెంచడానికి సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్, కలిపే ఫోమ్‌లు కూడా ఉన్నాయి. వాటికి తూకం ఉంటుంది, లేచే గుణం ఉండదు. ముక్కను పూర్తిగా చిదిమి వదలండి. వెంటనే లేచి నిలబడితే తీసుకోండి. వేళ్లకు తెల్లపొడి అంటితే వద్దు.

మేం సీటు మొత్తం ఫోమ్ మార్చలేదు. వెనక భాగం బాగానే ఉంది కదా. ముందు గుంట ఉన్న భాగాన్ని మాత్రం పళ్లెం దాకా కోసి తీశాం. హ్యాక్సా బ్లేడు చాలు. అంచులను నిటారుగా కాక ఏటవాలుగా కోయాలి. నిటారుగా కోస్తే పాత, కొత్త ఫోమ్ కలిసే చోట గట్టిదనం ఒక్కసారిగా మారి, కొన్నాళ్లకు తొడ కింద గట్టు తగులుతుంది. కోసిన గుంతలో అడుగున 2.5 సెంటీమీటర్ల రీబాండెడ్ ఫోమ్ పెట్టాం. ఫోమ్ తుక్కును జిగురుతో కలిపి నొక్కి చేసే రంగురంగుల చుక్కల దిమ్మె ఇది, పరుపుల షాపుల్లో దొరుకుతుంది. దాని మీద 4 సెంటీమీటర్ల బాగా లేచే రకం ఫోమ్. పైది మెత్తగా దిగి బరువును పరుస్తుంది. గతుకు పెద్దదై పైది పూర్తిగా నలిగినప్పుడు అడుగుది ఆదుకుంటుంది. కొత్త ఫోమ్ మొదటి వారాల్లో కొంచెం కుంగుతుంది కనుక అర సెంటీమీటరు ఎత్తుగానే ఉంచాం. చివర్న ముతక గరుకు కాగితంతో రుద్ది నునుపు చేశాం.

జిగురు దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఫోమ్ మీదంతా రబ్బరు సొల్యూషన్ పూసేస్తారు. ఆరాక అది గట్టి పొరలా మారి రెండు ఫోమ్‌ల మధ్య అట్టముక్క పెట్టినట్టవుతుంది, గాలి దారులూ మూసుకుంటాయి. అంచుల వెంట పలచగా పూసి, చేతికి అంటనంతగా ఆరనిచ్చి నొక్కితే చాలు. ఈ సొల్యూషన్లలో చాలావాటి ఆవిరి తల తిప్పుతుంది, మంట కూడా అంటుకుంటుంది. వరండాలోనే చేయండి, దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

జెల్ ప్యాడ్ వేయించమని చాలామంది సలహా ఇస్తారు. జెల్ పీడనాన్ని పరచడంలో మంచిదే. కుదుపును మింగడంలో ఫోమ్‌కు ప్రత్యామ్నాయం కాదు, ఎండకు వేడెక్కితే త్వరగా చల్లారదు కూడా. చచ్చిన ఫోమ్ మీద జెల్ పెట్టడం, నా ఉద్దేశంలో, మూడో కవరు వేయించడం లాంటిదే.

రెక్సిన్, కుట్టు, వాన నీళ్లు

రెక్సిన్ అనేది మొదట ఇంగ్లండులో ఒక కంపెనీ తోలుగుడ్డకు పెట్టుకున్న పేరు. అప్పట్లో గుడ్డ మీద సెల్యులోజ్ నైట్రేటు పూసేవారు. ఇప్పుడు మనం అదే పేరుతో కొంటున్నది ఎక్కువగా పీవీసీ పూత వేసిన గుడ్డ. పీవీసీ సహజంగా గట్టిది. దాన్ని మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది ఏళ్ల తరబడి ఎండకు మెల్లగా బయటికి పోతుంది. పాత సీటు పెళుసుగా మారి మడతల దగ్గర పగిలేది అందుకే. పెట్రోలుతో, థిన్నరుతో సీటు తుడిస్తే ఆ పని మనమే త్వరగా చేసినట్టు. సబ్బు నీళ్లు చాలు.

చిరుగు చిన్నదైతే కవరంతా మార్చనక్కర్లేదు. కానీ చిరుగు కొసను వదిలేయకండి. ఇంగ్లిస్ అనే ఇంజనీరు 1913లో లోహపు పలకల్లో పగుళ్ల గురించి లెక్కగట్టి చూపింది రెక్సిన్‌కూ వర్తిస్తుంది. పగులు కొస ఎంత వాడిగా ఉంటే అక్కడ ప్రతిబలం అంత పోగవుతుంది. కొసను చిన్న గుండ్రని రంధ్రంగా కత్తిరిస్తే ఆ పోగు తగ్గి, చిరుగు ముందుకు పాకదు. లోపలి వైపు నుంచి అతికించే ముక్కనూ చదరంగా కాక గుండ్రటి మూలలతో కత్తిరించండి.

కొత్త కవరు కుట్టేటప్పుడు దర్జీకి రెండు మాటలు చెప్పాలి. కుట్లు మరీ దగ్గరగా వద్దు. దగ్గరగా కుడితే బలం అనుకుంటాం, కానీ ప్రతి సూది రంధ్రం ఒక చిన్న పగులే. వరసగా దగ్గర దగ్గరగా రంధ్రాలు పడితే తపాలా బిళ్లలు చింపే గీతలా తయారవుతుంది. 3 నుంచి 4 మిల్లీమీటర్ల ఎడం సరిపోతుంది. దారం నూలుది కాక పాలిస్టర్‌ది కావాలి. రెండోది, కూర్చునే చోట నడిమధ్య అతుకు రాకూడదు. అక్కడే ఎముకలు నొక్కుతాయి, అక్కడే వాన నీళ్లు నిలుస్తాయి.

నీళ్లు లోపలికి వెళ్లే ప్రధాన దారి కుట్టు రంధ్రాలే. దారం వత్తిలా పనిచేసి కేశిక చర్యతో నీటిని లోపలికి లాగుతుంది. ఫోమ్ తాగిన నీరు ఎండ కాసినా రెండు మూడు రోజులు పోదు. పొడి సీటే కదా అని కూర్చుంటే ప్యాంటు తడిసేది అందుకే. ఫోమ్ మీద పలచని ప్లాస్టిక్ కాగితం పరిచి కవరు వేస్తే నీరు ఫోమ్‌ను చేరదు. దీని మీద సీటు పనివాళ్లలో రెండు అభిప్రాయాలున్నాయి. లోపలికి చేరిన తడి బయటికి రాదని కొందరు వద్దంటారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలుండే ఊళ్లో నేనైతే కాగితం వేస్తాను. అయితే పైనా పక్కలా మాత్రమే, అడుగున పళ్లెం రంధ్రాలు మూయకుండా. ఫోమ్‌లోని గాలి వచ్చిపోవడానికి ఆ రంధ్రాలే దారి. అవి మూసుకుంటే సీటు బుడగలా ఉబ్బుతుంది.

బిగింపు

కవరును అరగంట ఎండలో పరిచి ఉంచితే పీవీసీ మెత్తబడి మడతలు లేకుండా సాగుతుంది. ముందు కొసన మధ్యలో ఒక పిన్ను, వెనక కొసన మధ్యలో ఒకటి, తర్వాత ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఒకవైపు పూర్తిగా కొట్టి రెండోవైపుకు వస్తే కవరు వంకరపోవడం ఖాయం. ప్లాస్టిక్ పళ్లేనికి 6 మిల్లీమీటర్ల కాలున్న పిన్ను సాధారణంగా చాలు. పళ్లెం మందం చూసుకోండి, పిన్ను దాటి ఫోమ్‌లోకి పొడుచుకు రాకూడదు. దొరికితే తుప్పు పట్టని స్టీలు పిన్నులు. ఇనుప పళ్లెమైతే కవరు వేసే ముందే తుప్పు గీకి రెడాక్సైడు పూయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖర్న వస్తుంది. బయట మార్కెట్ సీట్లలో పళ్లెం కొలతలు బండికి అచ్చంగా సరిపోకపోవచ్చు. మా సీటు విప్పినప్పుడు ముందు నాలుక ఫ్రేములో సగమే దూరి ఉందని తేలింది. అడుగున నాలుగు రబ్బరు గుండీల్లో రెండు లేవు. సీటు బరువు ఆ గుండీల మీద ఆనాలి, అవి లేకపోతే పళ్లెం ఫ్రేముకు రుద్దుకుని పగులుతుంది. బిగించాక సీటు ముందు కొసను, వెనక కొసను రెండు చేతులతో పైకి లాగి చూడాలి. పక్కలకు తోసి చూడాలి. బ్రేకు వేసినప్పుడు జారే సీటు నడుము నొప్పికన్నా పెద్ద ప్రమాదం. మేం గుండీలు వేసి, నాలుక వంపు సరిచేయించాకే ఆయన్ని బండి ఎక్కనిచ్చాం. ఆ రెండు ఇంట్లో చేయగలిగే పనులు కావు. సీటు షాపు ముసలాయన పది నిమిషాల్లో చేసిపెట్టారు. ఫోమ్‌ను మేమే కోశామంటే నమ్మలేదు. బియ్యం బస్తాల సంగతి చెబితే నవ్వి, ఇన్నేళ్లుగా తన మోచెయ్యే తనకు బస్తా అని హిందీలో అన్నారు. మోచేతితో బరువంతా వేసి నొక్కితే అడుగు తగులుతుందో లేదో ఆయనకు తెలిసిపోతుందట. మరి కవరు మాత్రమే ఎందుకు వేస్తారని అడిగాను. "అడిగేది అదే కదా" అన్నారు.

పీకేసిన పాత ఫోమ్‌ను చిన్నాన్న పెరట్లో చెత్తతో కలిపి కాల్చబోయారు. వద్దన్నాను. పాలియురెథేన్ కాలితే కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడు కూడా వస్తుంది. సోఫాలు చేసే షాపువాళ్లు తుక్కు కింద తీసుకున్నారు.

నెల తర్వాత ఫోన్ చేసి, కవరు మీదే ప్లైవుడ్ ముక్క పెట్టి మళ్లీ కొలవమన్నాను. మొదటి బస్తాకు 1.5, రెండో బస్తాకు 1.1 సెంటీమీటర్లు వచ్చింది. తిమ్మిరి రావడం లేదన్నారు. నడుము ఎలా ఉందని అడిగితే, "బిష్టుపూర్ దాకా గుర్తు రాదు, వంతెన మీద గుర్తొస్తుంది" అన్నారు. ఆ మిగిలిన నొప్పి వెనక షాక్ అబ్జార్బర్లదో, ఆయన వయసుదో చూడాలి. ఈసారి వెళ్లినప్పుడు వాటినీ విప్పుతాం.